పదింటికి నీరసించే కంప్యూటర్

కంప్యూటర్ వచ్చాక మొదటి సోమవారం గోవిందప్ప పెట్టుకున్న పని చాలా చిన్నది. ధర్మవరంలోని పట్టు నేతగాళ్ళ సొసైటీలో ఎవరికి ఎంత నూలు ఇవ్వాలో ఆ జాబితా కంప్యూటర్‌లో తీసి, మధ్యాహ్నం భోజనానికి లేచేలోగా గోడకు అంటించాలి. అంతే.

బెంగళూరులో ఏదో కంపెనీ వాడి వదిలేసిన కంప్యూటర్ అది. ఎనభై ఎనిమిదిలో సొసైటీ కొన్నది. బెంగళూరు పోయి దాన్ని నడపడం నేర్చుకొచ్చినవాడు గోవిందప్ప ఒక్కడే. అంతకుముందు గోడౌనులో దుమ్ములో నిలబడి నూలు తూకం వేసేవాడు, ఇప్పుడు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆ కుర్చీ పోతే మళ్ళీ గోడౌనే అన్న సంగతి తలుచుకుంటే అతనికి అన్నం సహించేది కాదు.

పొద్దున మిషను చక్కగా పరుగెత్తింది. పది గంటలకు సెక్రటరీ శ్రీరంగప్ప వచ్చాడు. రోజూలాగే దేవుడి పటాలకు దీపం పెట్టి అందరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. కళ్ళు తెరిచేసరికి కంప్యూటర్ నీరసించిపోయింది. పేర్లు ఒక్కొక్కటీ కాళ్ళీడ్చుకుంటూ వచ్చాయి. జాబితా సాయంత్రానికి కూడా తేలలేదు. మర్నాడూ అదే వరస, ఆ మర్నాడూ అదే.

"ఏమప్పా, పొద్దున బాగనే ఉండాది. పది అయితానే దీనికేమైతాంది?" అన్నాడు శ్రీరంగప్ప.

"ఎండ సార్," అన్నాడు గోవిందప్ప. తెలియదని చెప్పడం కంటే అదే మేలనిపించింది.

ఎండ అన్నాక దానికి విరుగుడు చేయాలి కదా. కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. ఆఫీసు ఊడ్చే ఓబులమ్మ పెరటి బోరు వేసి వాటిని తడపడం మొదలుపెట్టింది. అనంతపురం ఎండకు అవి తడిపినంతసేపు కూడా తడిగా ఉండేవి కావు గనక మోటారు పగలంతా తిరిగింది. వీధిలో ఖాళీ బిందెలతో పోయే ఆడవాళ్ళు ఆగి, కిటికీలు నీళ్ళు తాగడం చూసి వెళ్ళిపోయేవారు. మిషను మాత్రం కదల్లేదు.

అప్పుడు గోవిందప్ప కరెంటు చాలడం లేదన్నాడు. ఉన్న కరెంటంతా మిషనుకే అందాలని దీపాలూ ఫ్యాన్లూ ఆపేశారు. గోనెపట్టాల చీకటిలో గుమాస్తాలు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. నూలు అందక బయట మగ్గాలు ఆగిపోయాయి. చివరికి బెంగళూరు నుంచి ఇంజనీరును పిలిపించారు. ఆయన బస్సు ఆలస్యమై, ఓబులమ్మ సాయంత్రం ఆఫీసంతా తుడిచి ముగించాక దిగాడు. మిషను లేడిపిల్లలా గెంతింది. ఆయన గోవిందప్ప వంక జాలిగా చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు.

మిషనుకు జబ్బు లేదని తేలింది గనక అనుమానం మనిషి మీదికి మళ్ళింది. సొసైటీ ప్రెసిడెంటు తిప్పయ్య వచ్చి నిలబడి చెప్పాడు.

"శుక్రవారం మిషనుకు పూజ చేస్తాం. అప్పుడూ ఇట్లే ఉంటే నువ్వు గోడౌనుకు పోప్పా."

శుక్రవారం నేతగాళ్ళంతా వచ్చారు. హారతి పళ్ళెం గోవిందప్ప చేతికిచ్చారు. అందువల్ల మొదటిసారి అతను కళ్ళు మూసుకోలేకపోయాడు. ఓబులమ్మ బొటనవేలు కుంకుమలో అద్ది, రోజూ పెట్టే చోటే, మిషను ముఖాన ఉన్న చదరపు బటను మీద గట్టిగా బొట్టు పెట్టింది. బటను పక్కన మిషనుకే ఉన్న చిన్న కరెంటు దీపం ఆరిపోయింది.

గోవిందప్పకు అప్పుడు అర్థమైంది. ఆ బటను నొక్కితే వేగం తగ్గుతుంది, ఇంకోసారి నొక్కితే పెరుగుతుంది. బెంగళూరులో ఆ పాఠం చెప్పిన రోజు అతను చెప్పులు కొనడానికి పోయాడు. పొద్దున బొట్టు పెట్టడం ఒక నొక్కు, సాయంత్రం ఓబులమ్మ తడిగుడ్డతో దాన్ని తుడవడం ఇంకో నొక్కు.

చెబుదామని నోరు తెరిచాడు. పారబోసిన నీళ్ళు, ఆపిన ఫ్యాన్లు, ఆగిన మగ్గాలు, అన్నీ ఈ బటను కోసమా అని అడుగుతారు. నోరు మూసుకున్నాడు. ఈలోగా శ్రీరంగప్ప బొట్టు పెట్టాడు, దీపం వెలిగింది. తిప్పయ్య పెట్టాడు, ఆరింది. జాబితా తీయమంటే మిషను మళ్ళీ కాళ్ళీడ్చింది. తిప్పయ్య గోడౌను వైపు చూశాడు.

గోవిందప్ప పళ్ళెం కింద పెట్టాడు.

"నేనూ ఒక బొట్టు పెడతానన్నా."

పెట్టాడు. పేర్లు బిలబిలా దిగాయి. నేతగాళ్ళు చేతులు జోడించారు. తిప్పయ్య కళ్ళు చెమర్చాయి.

"నీ చేతిలో ఏందో ఉండాదప్పా," అన్నాడు.

కుర్చీ దక్కింది. ఓబులమ్మ తర్వాత గోవిందప్ప బొట్టు పెట్టడం, సాయంత్రం ఆ బొట్లు తుడవకుండా వదిలేయడం సొసైటీలో ఆచారమైంది. అతనికి అన్నం మళ్ళీ సహించింది, వారం రోజులు.

ఆ తర్వాత ఒక పొద్దున తిప్పయ్య స్వయంగా వచ్చి అతన్ని పెరట్లోకి పిలుచుకుపోయాడు. గోనెపట్టాలు తడిపీ తడిపీ బోరు ఎండిపోయింది. వీధి వీధంతా బిందెలతో నిలబడి ఉంది. అందరూ అతని చేతినే చూస్తున్నారు. ఓబులమ్మ కుంకుమ భరిణె అందించింది. గోవిందప్పకు ఏడుపొచ్చింది. బొటనవేలు కుంకుమలో అద్ది, మోటారు పచ్చబటను మీద పెట్టి నొక్కాడు.

ఈసారి బటను ఎక్కడుందో అతనికి బాగా తెలుసు, నీళ్ళెక్కడున్నాయో మాత్రం తెలియదు.