తుపాకిలో మందు

ఆ రోజు కుటుంబరావు మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తుపాకి కడగడం, ఆరబెట్టడం, పదింటికల్లా స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. లైసెన్సున్న తుపాకులన్నీ ఆ మధ్యాహ్నం ఒంటిగంటలోపు అప్పగించాలని, లేకపోతే లైసెన్సు రద్దవుతుందని నోటీసు వచ్చింది.

మాస్టారిది వాళ్ళ నాన్నగారి నాటి తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ కుక్కి, ఇనప చువ్వతో దట్టించి కాల్చే రకం. చిల్లకల్లు పొలిమేరలో ఆయన మూడెకరాల మొక్కజొన్న అడవిపందుల పాలు కాకుండా ఉందంటే దాని చప్పుడు పుణ్యమే. లైసెన్సు ఒకసారి పోతే ఈ జన్మకు మళ్ళీ రాదని ఆయనకు బాగా తెలుసు.

"మందు వేసుకున్నారా?" అంటూ ప్రసూనాంబ మంచినీళ్ళ గ్లాసుతో పెరట్లోకి వచ్చింది.

"కడిగేటప్పుడు ఎవరైనా మందు వేస్తారుటే? నలభయ్యేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలీలేదా నీకు?" అని కసిరారు మాస్టారు.

ఆవిడ గ్లాసు అలాగే వెనక్కి పట్టుకెళ్ళింది. ముప్ఫయ్యేళ్ళు తెలుగు పండితుడిగా పిల్లలకు నానార్థాలు బట్టీ పట్టించిన మనిషి ఇంట్లో మాత్రం ఒక మాటకు ఒకటే అర్థం, అది కూడా తనదే అనుకోవడం ఆవిడకు అలవాటైపోయింది.

మాస్టారు గొట్టంలోకి చువ్వ దింపారు. చువ్వ మీద నాన్నగారు ఆకురాయితో పెట్టిన గీత ఒకటుంది. గొట్టం ఖాళీగా ఉంటే గీత సరిగ్గా మూతి దగ్గర ఆగుతుంది. ఇవాళ అది నాలుగు వేళ్ళు పైనే ఆగిపోయింది.

"కొంప మునిగింది! లోపల మందుంది!"

పోయిన నెల పందుల కోసం దట్టించి కాల్చడం మర్చిపోయానేమోనని ఆయనకు చెమటలు పట్టాయి. ఇప్పుడు కాల్చేద్దామంటే ఎన్నికల కోడు. మందుతో పట్టుకెళ్తే స్టేషన్లో కేసు. ముందు ఆ మందు పాడవాలని గొట్టంలో వేడి సబ్బునీళ్ళు పోశారు. తర్వాత చువ్వ చివర స్క్రూలాంటి మర బిగించి లోపలికి తిప్పారు. మర లోపల కరుచుకుంది. ఇక చువ్వ రాదు, మందూ రాదు.

"జ్ఞానయ్యకి ఫోన్ చెయ్యి! వాడికి దీని కీలకం తెలుసు" అని అరిచారు.

జ్ఞానయ్యది పక్క చేను. ఫోను ఆయన భార్య ఆరోగ్యమ్మ ఎత్తింది.

"వదినా, అన్నయ్యని తొందరగా పంపించు. మందు లోపల పట్టేసింది. సబ్బునీళ్ళు పోశాం, అయినా బయటికి రావట్లా" అంది ప్రసూనాంబ.

"అయ్యో దేవుడా! ఏం మందు వదినా?"

"నల్లదే. పందుల కోసం తెచ్చింది."

"మాస్టారు ఎట్టా ఉన్నారు?"

"ఒకటే మండిపోతున్నారు. ఉంటానమ్మా, పిలుస్తున్నారు."

అంతే. ఆరోగ్యమ్మ అంబులెన్సుకు ఫోన్ చేసింది, జ్ఞానయ్య కోసం చేలోకి మనిషిని పరుగెత్తించింది, నందిగామ కాలేజీలో పాఠం చెబుతున్న మాస్టారి కూతురు లాస్యకు చెప్పింది. పావుగంటలో పెరడంతా జనం. లాస్య ఫోన్లో ఒకటే ఏడుపు.

"నాన్నా, నీకేం తక్కువైందని ఇంత పని చేశావ్?"

"తక్కువవడం కాదే, ఎక్కువైంది! మందు కుక్కేసి మర్చిపోయినట్టున్నా!"

అవతల ఏడుపు రెట్టింపైంది. ఇంతలో అంబులెన్సు ఉద్యోగి ఎడ్విన్ స్ట్రెచరుతో వచ్చి మాస్టారి రెక్క పట్టుకున్నాడు.

"నేనేం తాగలేదయ్యా బాబూ!"

"తాగినోళ్ళంతా అదే అంటారండి. పడుకోండి."

పురుగుమందు కేసంటే పోలీసులూ రావాల్సిందే కదా. కానిస్టేబుల్ భవానీప్రసాద్ బండి దిగుతూనే, "మందేదండీ?" అన్నాడు.

"ఇందులోనే ఉంది" అని మాస్టారు చేతిలో ఉన్న తుపాకి చూపించారు.

భవానీప్రసాద్ మూడడుగులు వెనక్కి వేశాడు. "కోడ్ ఉండగా లోడ్ చేశారా! ఇది ఇంకో కేసండీ మాస్టారూ!"

అప్పటికి పన్నెండు దాటింది. చేలోంచి పరుగెత్తుకొచ్చిన జ్ఞానయ్య అందర్నీ పక్కకు తోసి, మూతి గోడవైపు తిప్పి, గొట్టంలో నూనె పోసి, తుపాకిని మోకాళ్ళ మధ్య బిగించి చువ్వ లాగడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలకు చువ్వ ఊడొచ్చింది. దాని చివర మందు లేదు. నూనె కారుతున్న గుడ్డపీలిక ఒకటి వేలాడుతోంది. విప్పి చూస్తే దాని మీద 'ఉత్తమ' అన్న అక్షరాలున్నాయి.

"ఇది నా సన్మానం కండువా కదూ! మిగతాదేది?" అన్నారు మాస్టారు.

"'ఉపాధ్యాయుడు' ముక్కతో పొయ్యిగట్టు తుడుస్తున్నా" అంది ప్రసూనాంబ. "పోయిన నెల కాల్చి కడిగాక, తుప్పు పట్టకుండా గొట్టంలో నూనెగుడ్డ కుక్కమంది మీరే కదండీ."

"మరి పొద్దుట్నుంచీ నోరు విప్పవేం!"

"మీరు మందుందన్నారు గానీ గుడ్డ ఉందన్నారా? నేను కుక్కాక మీరేం పోసుకున్నారో నాకేం తెలుసు!"

మాస్టారి మొహం పండుమిరపకాయలా అయింది. అరుగు మీద కూలబడ్డారు. ఎడ్విన్ ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు.

"నూటతొంభై! ఇవాళ మందు వేసుకున్నారా?"

ఈసారి ఏ మందని ఎవరూ అడగలేదు. ప్రసూనాంబ ఒక్కతే నోరు విప్పింది.

"పొద్దున్నే నీళ్ళు పట్టుకెళ్ళి మరీ అడిగా. కడిగేటప్పుడు వేసుకోరట."

మాస్టారిని స్ట్రెచరెక్కించారు. పక్కన తుపాకి పట్టుకుని భవానీప్రసాద్ కూర్చున్నాడు. ఒంటిగంటకు పది నిమిషాలుందనగా అంబులెన్సు స్టేషన్ ముందు రెండు నిమిషాలు ఆగి, జగ్గయ్యపేట ఆసుపత్రి దారి పట్టింది. లైసెన్సు దక్కింది.

సాయంత్రం ప్రసూనాంబ రెండు కాగితాలూ కలిపి బీరువాలో భద్రంగా పెట్టింది. స్టేషన్ రసీదులో 'తుపాకి ఒకటి, లోపల మందు లేదు' అని ఉంది. ఎడ్విన్ చీటీలో 'పేషెంటు ఒకరు, లోపల మందు లేదు' అని ఉంది.