ఎవరూ ఎరగని హిల్కె పుట్టినరోజు

"పెన్నుతో రాశావా?" మరుగుదొడ్డి లోపలినుంచే అరిచాడు వీబె. "పుట్టినరోజుల కేలెండర్ మీద పెన్నుతోనా?"

"పెన్సిల్ దొరకలేదు," అంది అతని భార్య యోరిన్ రొట్టెకు వెన్న రాస్తూ.

"అసలు రాయడమెందుకు? మా అమ్మ పళ్ళ డాక్టరు తేదీ కూడా దానిమీద రాయనిచ్చేది కాదు."

"ఇంట్లో నేను రోజూ తప్పకుండా చూసే చోటు అదొక్కటే. మీ అమ్మ పద్ధతులు మీ అమ్మింట్లో!"

నెదర్లాండ్స్‌లోని ఈ విన్సుమ్‌లో ప్రతి ఇంటి మరుగుదొడ్డిలోనూ అలాంటి కేలెండర్ ఒకటి వేలాడుతుంది. వచ్చినవాళ్ళంతా తీరిగ్గా చదువుతారు. అందులో పేరుంటే పుట్టినరోజున్నట్టే. ఈ బుధవారం తేదీ పక్కన యోరిన్ రాసుకున్న పేరు మాత్రం గ్రోనింగెన్ నగరంలో ఒక పరిశోధకురాలు హిల్కెది.

రెండేళ్ళ కిందట వెనకనుంచి ఎవరో సైకిల్ బెల్లు మోగించి హెచ్చరించిన మరుక్షణమే ఒక వ్యాను యోరిన్‌ను గుద్దింది. విరిగిన చెయ్యి ఆరు వారాల్లో బాగయింది. బెల్లు వినబడితే చాలు, అరచేతులు తడిసి కాళ్ళు నేలకంటుకుపోవడం మాత్రం బాగవలేదు. పూర్వం ఏ సాయంత్రమైనా సైకిలెక్కి ఉత్తరంగా తొక్కుకుంటూ పోయేది. తీరాన కట్ట ఎక్కగానే ఉప్పుగాలి మొహానికి కొట్టేది, ఎదురుగా సముద్రం. ఇప్పుడు వీబె కారులో తీసుకెళ్తున్నాడు. అద్దంలోంచి చూసే సముద్రం ఆమెకు ఎవరో పంపిన ఫొటోలా ఉంటోంది.

"ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోను ఎక్కువున్న రోజుల్లో 'ఇక ప్రమాదం లేదు' అని మెదడుకి నేర్పితే ఆ పాఠం గట్టిగా నిలుస్తుందేమోనని చూస్తున్నామండీ," అని చెప్పింది హిల్కె. మొదటిసారి ఆ హార్మోను తగ్గిన రోజుల్లో, బెల్లు మళ్ళీమళ్ళీ వినిపించి నేర్పారు. మర్నాటికే మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి నెలసరి లెక్కగట్టి, ఉమ్ము పరీక్ష చేసి, ఈ బుధవారం పదిగంటలు ఖాయం చేశారు. ఈ నెలతో పరిశోధన ముగుస్తుంది. ఇదంతా తన తల్లితో అననని వీబె ఒట్టు వేశాడు.

అత్తగారు ఆల్త్యె ఆదివారం కాఫీకి వచ్చినప్పుడు కేలెండరున్న ఆ చిన్న గదిలో కాస్త ఎక్కువసేపే ఉన్నారు.

బుధవారం తొమ్మిదింటికి గ్రోనింగెన్ రైలు కోసం యోరిన్ కోటు వేసుకుంటుండగా తలుపు తెరుచుకుంది. ముందు కేకు, దాని వెనక ఆల్త్యె, ఆవిడ చెల్లెలు ఖ్రీట్, మరో తొమ్మిదిమంది ఇరుగుపొరుగు.

"హిల్కె పుట్టినరోజుకి నీకు శుభాకాంక్షలమ్మా!" బుగ్గమీద మూడు ముద్దులు పెట్టి, కోడలి కోటు విప్పి కొక్కేనికి తగిలించారు ఆల్త్యె. "మర్చిపోతామనుకున్నావా?"

వీబె నోరు తెరిచాడు. ఒట్టు గుర్తొచ్చి మూశాడు.

కుర్చీలు గుండ్రంగా చేరాయి. అక్కడి ఆచారం ప్రకారం అందరూ అందరికీ శుభాకాంక్షలు చెప్పుకున్నారు. హిల్కె ఎవరని ఒక్కరూ అడగలేదు; అడిగితే మర్చిపోయినట్టు ఒప్పుకోవాలి. కిటికీలోంచి రైలు వెళ్ళిపోవడం చూస్తూ యోరిన్ కాఫీలు అందించింది.

రెండో కప్పు దగ్గర ఖ్రీట్ అక్క చెవిలో గుసగుసలాడింది. "పెళ్ళికి ముందు మనవాడు రెండేళ్ళు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నాడు కదే? లెక్క చూసుకో మరి."

ఆల్త్యె చేతిలో చెంచా జారింది. "ఒరేయ్ వీబే! నాకో మనవరాలుందని చెప్పడానికి నోరు రాలేదట్రా?"

పదకొండుమందీ వీబె వైపు తిరిగారు. అతను మళ్ళీ నోరు మూసుకునే ఉన్నాడు. అదే కొంప ముంచింది. పొరుగింటావిడ అప్పుడే యోరిన్ భుజం నిమరడం మొదలుపెట్టింది.

"హిల్కె కూతురూ కాదు, పాడూ కాదు!" యోరిన్ కాఫీ కూజా బల్లమీద పెట్టేసింది. "నా భయానికి వైద్యం. బెల్లు మోగితే నాకు చెమటలు పడతాయి అత్తయ్యా. మళ్ళీ ఒక్కసారి నా అంతట నేను సముద్రం దాకా పోవాలని ఉంది. ఇవాళ తప్పితే మళ్ళీ కుదరదు. రైలు వెళ్ళిపోయింది."

యోరిన్ హిల్కెకి ఫోన్ చేసింది.

"నేనే వస్తాను," అంది హిల్కె. "అక్కడ సైకిళ్ళేమైనా ఉన్నాయా?"

యోరిన్ కిటికీలోంచి కంచె వైపు చూసింది. "పదకొండు."

హిల్కె గుమ్మంలో కాలు పెట్టగానే అంతా లేచి పుట్టినరోజు పాట పాడారు. "నాది మార్చిలో అండీ," అందామె. వినిపించుకున్నవాళ్ళు లేరు; చేతిలో కేకు పెట్టారు.

తర్వాత అందరూ బయట వరసగా నిలబడి, ఆమె చెప్పినప్పుడల్లా ఒక్కొక్కరే బెల్లు మోగించారు. మొదటి అరగంటా యోరిన్ పంటిబిగువున నిలబడింది. ముప్ఫయ్యో బెల్లుకి చేతులు తుడుచుకోవడం మర్చిపోయింది. నలభయ్యోది ఆమె తనే మోగించి, అత్తగారి సైకిలెక్కి వీధి చివరిదాకా తొక్కింది. అక్కడ దిగి, పొలాల మీదుగా ఉత్తరానికి పోయే దారిని చాలాసేపు చూస్తూ నిలబడింది.

సాయంత్రం ఆరింటికి భోజనానికి ముగ్గురే మిగిలారు. యోరిన్ ఫోర్కు కింద పెట్టింది.

"ఆదివారం సముద్రం దాకా సైకిల్ మీద వెళ్తున్నాను. ఒక్కదాన్నే."

వీబె తల్లివైపు చూశాడు, ఆవిడైనా ఆపుతారని.

"ఆదివారం ఎదురుగాలి," అన్నారు ఆల్త్యె, బంగాళాదుంపల గిన్నె కోడలి ముందుకు జరుపుతూ. "ఇంకాస్త తిను."