తోకచుక్క ఊ అనాలి

ఆ ఉదయం పళ్ళ డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉన్న పేషెంట్లను త్వరగా చూసి పంపించేసి, మధ్యాహ్నం పన్నెండు లోపు ఎక్కడ కాపురం పెట్టాలో తేల్చుకోవాలి. కాపురం ఆవిడది కాదు, ఆవిడ అంతరిక్ష నౌకలది.

ఈ ఆన్‌లైన్ ఆటను అంటించింది ఆవిడ తమ్ముడు. అంటించినవాడు మామూలు సభ్యుడిగానే మిగిలాడు, ఆవిడ జట్టుకు నాయకురాలైంది. ఆటలో ఆవిడ పేరు అగ్గిపుల్ల. సీజన్ మొదట్లో ప్రతి జట్టూ ఏదో ఒక గ్రహాన్నో చంద్రుణ్నో స్థావరంగా ఎంచుకోవాలి. ఒకసారి ఖాయం చేశాక సీజన్ ముగిసేదాకా మార్చడానికి వీల్లేదు. పోయిన సీజన్‌లో ఆవిడ రద్దీ దారి పక్కన మంచి సెంటరని ఒక గ్రహాన్ని ఎంచింది. వచ్చేవాళ్ళు దోచుకున్నారు, పోయేవాళ్ళు మిగిలింది ఊడ్చుకున్నారు. జట్టులో సగంమంది వేరే జట్లలోకి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఈసారి కూడా ఇలాగే అయితే తామూ సెలవు తీసుకుంటామని మర్యాదగా చెప్పారు.

అందుకే ఆవిడకు కాలు నిలవడం లేదు. పొద్దున కాఫీ కలుపుకుని, తాగకుండానే కప్పు కడిగి బోర్లించింది. మంచు చంద్రుడా, ఎర్ర గ్రహమా? లిఫ్టులో మంచు చంద్రుడు అనుకుంటే, తలుపు తెరుచుకునేసరికి ఎర్ర గ్రహం అయింది. జట్టులో ఉపనాయకత్వం తోకచుక్క అనే పేరుతో ఆడేవారెవరిదో. ఆ గొంతు ఎవరూ వినలేదు, ముఖం ఎవరూ చూడలేదు. టైపు చేయడమే తప్ప మాట్లాడటం లేదు. కానీ తోకచుక్క ఊ అన్నదేదీ ఇంతవరకూ తప్పలేదు. ఈసారి మాత్రం తోకచుక్క ఊ అనడం లేదు.

కుర్చీలో పడుకున్నది డ్రైవింగ్ మాస్టారు. ఎంత ట్రాఫిక్‌లోనైనా చెయ్యి వణకని మనిషి, సూది చూడగానే కుర్చీ చేతులు పట్టుకుని గట్టిగా కళ్ళు మూసుకున్నారు. డాక్టరమ్మ కింది వరసలో ఇంజెక్షన్ ఇచ్చి, "మొద్దుబారడానికి కాసేపు పడుతుందండీ, ఇప్పుడే వస్తా" అని పక్కనున్న ఎక్స్‌రే గదిలోకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ గది తలుపు సరిగా పడదు. ఫోనేమో స్పీకర్‌లో ఉంది.

"పైకి తెల్లగా, నున్నగా బానే కనిపిస్తోందిరా. లోపలంతా డొల్ల" అంది డాక్టరమ్మ.

మాస్టారు కళ్ళు తెరిచారు.

"డొల్లయితే ఇంకా మంచిది. పేల్చేసి లోపల కూర్చుందాం" అన్నాడు తమ్ముడు.

"మందు ఎక్కువైతేనో?"

"ఎక్కువైతే మొత్తం లేచిపోద్ది. పక్కనున్న రెండూ ఎలాగూ పోతాయి."

"పనివాళ్ళు కూడా పోతారేమోరా."

"పోతే పోతారు. పోయినసారి అంతమంది పోయారు, ఎవరైనా అడిగారా?"

డాక్టరమ్మ కాస్త ఆలోచించి, "లేదులే, ఎవరూ అడగలేదు" అంది. "సరే, తోకచుక్క ఊ అంటే మొదలుపెట్టేద్దాం."

మాస్టారు మెడలోని ప్లాస్టిక్ గుడ్డతో సహా కుర్చీ దిగారు. చప్పుడు కాకుండా హాల్లోకి వచ్చేసరికి ఆయన భార్య సోఫాలో ఫోన్ మీదికి వంగి గబగబా ఏదో టైపు చేస్తోంది. ఆవిడ కొన్ని నెలలుగా ఇలాగే ఉంటోంది. అడిగితే తోడికోడలితో కబుర్లంటుంది. మాస్టారు ఆవిడ భుజం పట్టుకుని కుదిపారు. డాక్టరమ్మ తన దవడను పేలుస్తుందట అని చెప్పడం ఆయన ఉద్దేశం. కానీ సగం నోరు అప్పటికే ఆయనది కాదు.

"పేలు… పేలు… త్తుందట" అన్నారు.

ఆవిడ తలెత్తలేదు. "పేల్చనీండి. నేనూ అదే అనుకుంటున్నా. ఎలాగూ లోపలంతా డొల్లేగా" అంది.

మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నోసార్లు తను చెప్పిందే జరిగింది, ఆవిడ ఒక్కసారీ కాదనలేదు. అదంతా లోపల ఇలా పోగుపడిందా? ఇక మిగిలిన దిక్కు నర్సే. ఆమె దగ్గరికి పోయి, "పేలు… పేలు…" అని మొదలుపెట్టారు.

"పేలా? మీకాండీ?" అంది నర్సు.

ఆయన తల అడ్డంగా ఊపి, లోపలి గది వైపు చూపించారు.

"డాక్టరమ్మకా?"

చేసేది డాక్టరమ్మే కాబట్టి ఆయన అవునన్నట్టు గట్టిగా తలూపారు.

హాల్లో ఉన్నవాళ్ళ చేతులు మెల్లగా తలల మీదికి వెళ్ళాయి. "ఇందాక నా పన్ను చూస్తుంటే ఆవిడ జుట్టు నా నుదుటికి తగిలింది" అన్నాడు టైలరు, ఎవరినీ చూడకుండా. ఇంకో పెద్దావిడ తను మళ్ళీ వస్తానని లేచింది. ఆవిడ వెనక అందరికీ మళ్ళీ రావాలనిపించింది. నర్సు కూడా రెండు చేతులా తల గోక్కుంటూ వాళ్ళతో మెట్లు దిగింది. మాస్టారు ఒక్కరే ఉండి ఏం చేస్తారు, ఆయనా దిగారు.

కింద వాచ్‌మన్‌కు, తలలు గోక్కుంటూ పరుగెత్తుతున్న జనం, చివర్న మెడకు గుడ్డ కట్టుకుని మూతి వంకర పోయిన మనిషి కనిపించారు. "ఏమైంది సార్?" అని ఆపాడు. మాటల మీద ఆశ వదులుకున్న మాస్టారు రెండు గుప్పిళ్ళూ దగ్గరగా పట్టి, ఒక్కసారిగా వేళ్ళన్నీ విప్పి చేతులు ఆకాశానికి ఎత్తారు. అంత స్పష్టంగా ఆయన క్లాసులో కూడా ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. వాచ్‌మన్ రెండో ప్రశ్న వేయకుండా అలారం నొక్కాడు. బిల్డింగులోని కళ్ళద్దాల షాపు, ట్యూషన్ సెంటరు, టైపు చేసే ఆఫీసు, అన్నీ రోడ్డు మీదికి వచ్చేశాయి.

పైన డాక్టరమ్మ ఎక్స్‌రే గదిలోంచి బయటికొచ్చింది. కుర్చీ ఖాళీ. హాలు ఖాళీ. అలారం ఊరంతా వినిపించేలా మోగుతోంది. సోఫాలో ఒకావిడ మాత్రం ఆ మోతకు విసుక్కుని చెవిలో వేలు పెట్టుకుని, రెండో చేత్తో ఫోన్ జరుపుకుంటోంది. ఆ తెర మీద మంచు చంద్రుడు తిరుగుతున్నాడు, పైన మూల తోకచుక్క అన్న పేరుంది.

"మీరు…" డాక్టరమ్మ దగ్గరకొచ్చింది. "మీరు తోకచుక్కా?"

ఆవిడ తలెత్తింది. తెల్లకోటునూ, చేతిలో అదే చంద్రుడున్న ఫోనునూ చూసింది. "అగ్గిపుల్ల మీరా? మావారిని చూపిద్దామని నేనే ఇక్కడికి తీసుకొచ్చానమ్మా."

ఆ తర్వాత అలారం వాళ్ళకు వినిపించలేదు. ఇద్దరూ సోఫాలో భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. నాయకురాలు నొక్కినా, ఉపనాయకురాలు నొక్కినా ఖాయమే. కానీ తీరా కలిసేసరికి తోకచుక్కకు మంచు చంద్రుడి మీద మనసు కుదరగా, అగ్గిపుల్లకు మళ్ళీ ఎర్ర గ్రహం మీద గాలి మళ్ళింది.

"ఈ పక్కనుంచి పేల్చేద్దాం. నా మాట వినండి" అంటోంది తోకచుక్క.

సరిగ్గా ఆ మాట దగ్గరే, భార్యను ప్రమాదంలో వదిలి పోలేక, వాచ్‌మన్‌ను వెంటేసుకుని మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. చూస్తే ప్రమాదమూ, భార్యా ఒకే సోఫాలో కూర్చుని ఉన్నారు. ఆయన వచ్చి భార్య చేతిలోని ఫోన్ లాక్కుని, పేల్చేది దాంతోనే అనుకుని, ఆపేయాలని బొటనవేలితో ఒకసారి నొక్కారు. ఆగలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కారు.

మొదటి నొక్కుకు పేరు కూడా లేని ఒక బోడి రాయి ఎంపికైంది. రెండో నొక్కుకు ఖాయమైంది.

పన్నెండైంది. వాచ్‌మన్ వెళ్ళి అలారం ఆపాడు. డాక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. తోకచుక్క భర్త వైపు తిరిగింది.

"పేల్చేది ఆటలోనండీ. మీ దవడ కాదు. అక్కడ నేను ఊ అనేదాకా ఎవరూ కదలరు. ఆ ఒక్కచోటే" అంది.

మాస్టారు ఫోన్‌ను భార్య చేతికి తిరిగి ఇచ్చారు. డాక్టరమ్మ మళ్ళీ కుర్చీ చూపిస్తే వెళ్ళి పడుకున్నారు. పని పూర్తయి, ఇంటికెళ్ళే దారిలో నోరు స్వాధీనంలోకి వచ్చాక, మొదట అడిగింది ఒకటే. "ఆ రాయి మరీ అంత పనికిరానిదా?"

"చూడాలి" అంది ఆవిడ.

చూశారు. మంచు చంద్రుడి కోసం నాలుగు పెద్ద జట్లు కొట్టుకుని ఒకరినొకరు పేల్చుకున్నాయి. ఎర్ర గ్రహం మీద దొంగలకు దొంగలే మిగిలారు. పేరులేని రాయి వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. పైగా, విరిగిపోయిన నౌకల ఇనుమంతా కొట్టుకొచ్చి దాని చుట్టూ చేరింది. అగ్గిపుల్ల జట్టు కూర్చున్న చోటు కదలకుండా ఏరుకుంది. సీజన్ సగానికి వచ్చేసరికి జట్టు మొదటి వరసలో ఉంది. వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ చేర్చుకోమని అడుగుతున్నారు.

అంత దూరదృష్టి ఎక్కడిదని ప్రత్యర్థులంతా ఆరా తీస్తే, తోకచుక్క అందరికీ ఒకే జవాబు పెడుతోంది: "మావారిని అడిగే చేశాం."