బాబాయి మొదటి చావు కాగితం

ఆ గురువారం పొద్దున యాసెన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. తండ్రి పోయి శనివారానికి ఏడాది. లోమ్ ఊళ్లో మనిషి పోయినా, పోయి ఏడాదైనా, ఫొటోతో చావు కాగితం అచ్చువేయించి వీధి గుమ్మానికీ, రొట్టెల కొట్టుకూ, బస్టాపుకూ అంటించాలి. అది చూసే జనం ప్రార్థనకు వస్తారు. నలభై ఏళ్లుగా ఆ కాగితాలన్నీ బ్లగోయ్ అచ్చుకొట్టులోనే పడుతున్నాయి.

కానీ ఇంటర్నెట్‌లో కొత్త సేవ కనబడితే యాసెన్ చెయ్యి ఊరుకోదు. ఇంకా పరీక్ష దశలో ఉన్నదైతే మరీ మోజు. కిందటి జూలైలో అలాంటిదొకటి ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి హీటరు వెలిగించింది. అయినా బుద్ధి రాలేదు. ఈసారి దొరికింది చావు కాగితాల సేవ. ఫోనులోని ఫొటోలూ పేర్లూ దానికి అప్పగిస్తే చాలు. మాటలు అదే రాస్తుంది, అచ్చుకు అదే పంపుతుంది, తెలిసినవాళ్లకు కబురూ అదే పెడుతుంది.

"బ్లగోయ్ దగ్గరికి వెళ్లిరారా, పది నిమిషాల పని," అంది తల్లి నేదా.

"ఇదైతే రెండు నిమిషాలమ్మా."

"చచ్చిపోయిన మీ నాన్నతో ఆటలాడకు."

పై అంతస్తు నుంచి కాఫీకి దిగివచ్చిన వాంగెల్ బాబాయి నిట్టూర్చాడు. అచ్చం అన్నగారి పోలికే; గుండె మాత్రం బలహీనం. లిఫ్టు గురించీ, పావురాల గురించీ ఆ భవనంలో అందరితోనూ తగవే. "అన్నయ్యకైతే జనం వస్తారు వదినా. నేను పోతే ఎవరొస్తారు? మీరిద్దరూ, చర్చి ఫాదరూ," అన్నాడు. ఆ ఒక్క దిగులే అతన్ని తినేస్తోంది.

"ఇతనేనా?" అని ఫోను ఒక ఫొటో చూపించింది. బూట్లు తొడుక్కుంటూ యాసెన్ "అవును" నొక్కి ఆఫీసుకు పరిగెత్తాడు.

పదకొండింటికి కింది అంతస్తు పరష్కేవా ఏడుస్తూ ఫోను చేసింది. "ఎంత మంచి మనిషి బాబూ!"

"ఏడాదైపోయింది కదండీ, తట్టుకున్నాం."

"ఏడాదేమిటి? నిన్ననేగా నా పావురాల మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించాడు!"

యాసెన్ ఆఫీసులోంచి లేచి బయటపడ్డాడు. ఇంటికి పరుగెత్తేసరికి గుమ్మం మీద కాగితం. కిందటి ఈస్టరు నాటి వాంగెల్ ఫొటో, ఫోనులో ఉన్న వాంగెల్ పేరు. పోయిన తేదీ దొరక్క సేవ ఆ రోజుదే వేసేసింది. బ్లగోయ్ కొట్టుకే పంపింది, బ్లగోయ్ మనుషులే ఊరంతా అంటించారు.

దాని ముందు వాంగెల్ కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువుతున్నాడు.

"క్షమించు బాబాయ్, ఇప్పుడే చింపేస్తాను."

"ఫొటో బాగుందిరా. సాయంత్రం దాకా ఉండనీ."

సాయంత్రానికి జనం విరగబడ్డారు. చచ్చినవాళ్లకు ఇచ్చే లెక్కన సరి సంఖ్యలో పూలు, తీపి కలిపిన ఉడికించిన గోధుమలు. తలుపు స్వయంగా వాంగెలే తీశాడు. పరష్కేవా కెవ్వుమని మెట్ల మీద కూలబడింది. "సిగ్గులేనివాడా, నీకోసం పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నాను!" అని తిట్టి, తెచ్చిన గోధుమలు వెనక్కి తీసుకుపోలేక లోపలికొచ్చింది. అందరూ తిట్టారు, అందరూ కూర్చుని రకియా సారా తాగారు. వాంగెల్ యాసెన్ చెయ్యి పట్టుకున్నాడు. "చూశావట్రా? వచ్చారు," అన్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి. యాసెన్‌కూ ఏడుపొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ తప్పు దిద్దమని యాసెన్ మళ్లీ ఆ సేవనే అడిగాడు. "వాంగెల్ బతికే ఉన్నారు. ఈ ఇంటి నుంచి వచ్చే చావు కబుర్లు నమ్మవద్దు," అని అది ఊరందరికీ పంపింది. శనివారం తండ్రి ఏడాది ప్రార్థనకు ముగ్గురొచ్చారు. ఇద్దరు దారి తప్పినవాళ్లు. నేదా కొడుకుతో మాట్లాడడం మానేసింది.

ఆ తర్వాత పదకొండో రోజున వాంగెల్ కుర్చీలోనే, చేతిలో కాఫీ కప్పుతో పోయాడు.

"ఈయన బతికే ఉన్నారని మీరే నిర్ధారించారు," అని కొత్త కాగితం వేయనంది సేవ.

"ఒకసారి నవ్వులపాలయ్యాను, చాలు. రేపు నన్నూ చంపుతావు," అని బ్లగోయ్ తలుపేసుకున్నాడు.

చివరికి యాసెన్ చేత్తోనే రాసి గుమ్మానికి అంటించాడు. శవపేటిక వెంట నడిచింది అతనూ, తల్లీ, ఫాదరూ. పరష్కేవా బాల్కనీ నుంచి నవ్వుతూ కేకేసింది. "ఈసారి గోధుమలు ఉడకబెట్టను ముసలోడా, లే!" యాసెన్ తలెత్తలేకపోయాడు. బాబాయి భయపడినట్టే అయింది, అలా అయ్యేట్టు చేసింది తనే. ఆయన తన చావుకు వచ్చిన జనాన్ని ముందే కళ్లారా చూసుకున్నాడన్న ఒక్క ఊరటే మిగిలింది.

మర్నాడు పొద్దున కాగితం అడుగున ఎవరో పెన్నుతో రాశారు: "ఈసారి నిజమేనా?"

యాసెన్ కాగితాన్ని పేరు నుంచి తేదీ దాకా రెండుసార్లు చదివి, కింద "అవును" అని రాశాడు.