ఈషా రీలోడు విజయము

శీతపవనకంపిత హేమంతప్రభాతమున, డోనావ్ నదీతీర డెగ్గెన్‌డార్ఫ్ పురమున, విద్యార్థివసతిగృహ తృతీయాంతస్తున, ఉన్నికంబళీకవచధారిణియై, వామహస్తమున అల్లం టీ, దక్షిణహస్తమున మౌసు ధరించి, లాప్‌టాపు సమక్షమున ఆసీనురాలైన ఆ వీరవనిత ఎవరనుకొంటిరి? గుంటూరు మండలసంభూత, యంత్రవిద్యావిశారద, ఈషా! సావధానముగా వినుడు, మధ్యలో ఫోన్లు చూసుకొనువారు బయటికి దయచేయుడు.

ఆమెకు వచ్చిన కష్టమేమనగా, జిండెల్ఫింగెన్‌లో కార్ల కంపెనీ కొలువు సిద్ధముగా నుండెను గానీ, జర్మనీలో నుండుటకిచ్చిన పర్మిట్ కార్డు ఈ నెలాఖరుకు కాలధర్మము చెందనుండెను. దానిని పొడిగింపించుకొనుటకు విదేశీయుల కార్యాలయమున టెర్మిన్, అనగా అధికారిని కలియుటకు ముందుగా కుదుర్చుకొను సమయము, దొరకవలె. ఆ టెర్మిన్లు ఉదయము ఎనిమిదింటికి వెబ్‌పేజీలో మెరిసి, టీ చల్లారులోగా మాయమగును. సరిగ్గా ఆ ఘడియ చూసుకొనియే వసతిగృహపు వైఫై మూర్ఛిల్లును. నిన్నా అంతే, మొన్నా అంతే. పాపిష్టి వైఫై!

అందుచేత నామె బ్రౌజరున ఆటో రీలోడనే మహాస్త్రమును ప్రతిష్ఠించెను. నెట్టు పోనీ, రానీ, పది సెకన్లకొకమారు పేజీ తనంతట తానే లేచి కూర్చొనును.

"ఓరి చంచలస్వభావా! అదృశ్యతరంగతస్కరా! నీవు వేయిమార్లు పడుము, నా పేజీ వేయిన్నొకమారు లేచును. నేడు టెర్మిన్ గైకొనక ఈ కుర్చీ విడిచితినేని నేను ఈషానే కాను!" అని ఆమె గర్జించెను.

వంటగదినుండి ఓరుగల్లు వాస్తవ్య, సహవాసిని రిషిత ఉప్మా గరిటెతో తొంగిచూచి, "ఏందే, పొద్దుగాల్నే ఈ లొల్లి? జర మెల్లగ! కింద జర్మన్ ఆంటీ కంప్లైంట్ ఇస్తది" అనెను.

ఎనిమిదయ్యెను. వైఫై యథావిధిగా కూలెను. పేజీ ఒకమారు లేచెను, శూన్యము. మరల లేచెను, శూన్యము. మూడవమారు, ఆహా, వైఫై కన్ను తెరవగనే పేజీ దిగ్గున ప్రత్యక్షమయ్యెను! అందు ఒకే ఒక్క టెర్మిన్ పచ్చగా మెరియుచుండెను. ఈషా నొక్కెను. పాస్‌పోర్టులో నున్నట్లే పూర్తి పేరు రాయుమని పేజీ ఆజ్ఞాపించెను.

అసలు తంటా ఇక్కడ వచ్చినది. పిలుచుకొనుటకు ఈషాయే గానీ, పాస్‌పోర్టులో ఆ తల్లి బొమ్మిరెడ్డిపల్లి నాగ వెంకట సత్యలక్ష్మీ ఈషా. నాగ నానమ్మ మొక్కు, వెంకట తాతయ్య పట్టు, సత్యలక్ష్మి మేనత్త అలక తీర్చుటకు. "బొమ్మిరెడ్డిపల్లి నాగ వెం" వరకు కొట్టినదో లేదో, పది సెకన్లు నిండి రీలోడు! పేరంతయు తుడిచిపెట్టుకుపోయెను. మరల కొట్టెను, మరల రీలోడు! ఏ జర్మను కుర్రవాడికైనను ఆ వ్యవధిలో పేరు రాసి ముక్కు చీదుకొనుటకు సమయము మిగులును గదా, ఖర్మ!

"అయిపోయిందే రిషితా, నా పేరే నన్ను ముంచేసింది! ఉద్యోగం పోయినట్టేనే!" అని ఈషా ఏడుపందుకొనెను.

రిషిత పరుగున వచ్చి, "పేరు గాదే పిచ్చిదానా, నీ రీలోడే నిన్ను తింటున్నది! ఫస్ట్ దాన్ని బంద్ జెయ్!" అని అరచెను.

ఔరా! ఈషా తన ప్రియాస్త్రమును తన చేతితోనే ఆర్పెను. ఇక వైఫై పడినచో పేజీని లేపు దిక్కు లేదు. ఉప్మా మాడు కంపు ముక్కుపుటములదరగొట్టుచున్నను చలించక, గుక్క తిప్పుకోక పేరంతయు కొట్టి, బటను నొక్కెను. తెరపై చక్రము తిరుగుచుండెను.

"పడకే తల్లీ, నీకు దండం పెడతా" అని ఈషా వేడుచుండగా ఇద్దరును గోడమీది రౌటరుకు చేతులు జోడించిరి.

టిక్కు వెలిగెను! వినుడు పురజనులారా! మహాసమరానంతరము ఈషా మంగళవారము ఉదయము ఏడున్నరకు పదిహేను నిమిషముల సామ్రాజ్యమును గెలిచెను! బొమ్మిరెడ్డిపల్లి నాగ వెంకట సత్యలక్ష్మీ ఈషా అని ఒక్క అక్షరము రాలక తెరపై నిలిచెను. ఆ వీరవనిత తెరను ఫొటో తీసి గుంటూరుకు పంపి, మాడిన ఉప్మాను తృప్తిగా ఆరగించుచుండెను.

అంతలో నానమ్మ నుండి వాయిస్ మెసేజ్ వచ్చెను: "చూశావా? పేరు పొడుగని నన్ను ఆడిపోసుకున్నావు. ఆ నాగ ఉండబట్టేనమ్మా నీకు దొరికింది!"