పునీత రోకో పడవకు కొత్త ప్రొపెల్లర్

పండుగకు ముందురోజు పొద్దున్నే యెర్కో కాఫీ కూడా తాగకుండా పడవ మోటారుకు కొత్త ప్రొపెల్లర్ బిగించాడు. పునీత రోకో విగ్రహం ఎదుటి లంకలోని గుడికి వెళ్లేది మూడు తరాలుగా ఆ ఇంటివాళ్ల పడవలోనే. నిరుడు మధ్యాహ్నపు గంట మోగాక చేరింది. ఈసారీ ఆలస్యమైతే ఆ భాగ్యం బావమరిది దింకోకి పోతుందని ఫాదర్ గారు తేల్చేశారు.

రెక్కల వంపు ఎక్కువుంటే వేగమని విని యెర్కో అలాంటిదే కొన్నాడు. ఒక్కడే ఎక్కి నడిపితే పడవ బాణంలా పోయింది. ఒడ్డున దింకో నోరు తెరుచుకుని చూశాడు.

"రేపు ఎక్కేది నువ్వొక్కడివేనా?" అంది భార్య లూత్సె.

"నువ్వు చేపల సంగతి చూసుకో."

పండుగనాడు రోకో స్వామి పడవ ఎక్కుతామన్నవారిని కాదనకూడదు. విగ్రహం, ఫాదర్ గారు, డోలుతో సహా ఆరుగురు బాజావాళ్లు ఎక్కారు. ఆఖరున పిండివంటల పళ్లెంతో లూత్సె పిన్ని, భారీ మనిషి కాత వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. మోటారు మూలిగింది, పొగ కక్కింది. అంత బరువుకు పడవ కదల్లేదు.

"బావా, తాడు విప్పావా?" ఒడ్డు నుంచి దింకో అడిగాడు.

"చిన్నత్తా, ఒక్కసారి దిగుతావా..."

"ముప్పై ఏళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నాను అల్లుడూ. మారింది నేనా, నీ మరా?"

తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన పాత ప్రొపెల్లర్‌ను లూత్సె అప్పటికే ఇంటి నుంచి పట్టుకొచ్చింది. దాన్ని బిగించాలంటే పడవ వెనక భాగం నీళ్లపైకి లేవాలని యెర్కో అందరినీ ముందుకు తోలాడు. ముందు భాగం ఒరిగి డోలు సముద్రంలోకి దొర్లింది. డోలు వెంట డోలువాడు దూకాడు. ఆ కుదుపుకు నట్టు జారకుండా పట్టే పిన్ను యెర్కో చేతిలోంచి నీళ్లలో పడింది.

కాత కొప్పులోంచి ఒక పిన్ను తీసింది. "మళ్లీ ఇచ్చెయ్యాలి."

ఈలోగా ఒడ్డున మిగిలిన పద్నాలుగు మంది దింకో పడవ ఎక్కేశారు. ఫాదర్ గారు గడియారం చూసుకుని, తానూ ఒక కాలు అటు పెట్టారు. దింకో ఠీవిగా మోటారు లాగాడు. అది మూలిగింది, పొగ కక్కింది.

లూత్సె వంగి దింకో పడవ వెనక నీళ్లలోకి చూసింది. కొత్తగా మెరుస్తున్న అవే రెక్కలు.

"ఎప్పుడు కొన్నావురా?"

"నిన్న సాయంత్రం. బావ పడవ పోవడం చూసి," దింకో నసిగాడు.

ఫాదర్ గారు కాలు వెనక్కి తీసుకున్నారు. యెర్కో బావమరిది పడవకు తాడు కట్టాడు. పాత ప్రొపెల్లర్, కాత కొప్పు పిన్ను కలిసి రెండు పడవలనూ నింపాదిగా లాక్కుపోయాయి. లంకలో మధ్యాహ్నపు గంట మోగడం మొదలయ్యేసరికి స్వామి గుడి మెట్లెక్కుతున్నారు.

అప్పటినుంచి మా రేవులో ఎవరు ప్రొపెల్లర్ కొన్నా, ముందు కాతను ఎక్కించి చూస్తున్నారు.