అమీనా వేషం

ఆ ఉదయం వరప్రసాద్ పథకం చాలా చిన్నది. ఫిల్మ్ నగర్‌లోని తన ఇంటి హాలు షూటింగుకి ఇచ్చేసి, తాను వెనక గదిలో గడియ పెట్టుకుని కూర్చోవడం. ఇల్లు తండ్రిది. చెల్లెలు పుష్పవల్లి సగం వాటా కోసం కోర్టుకెళ్ళింది. సమన్లు చేతికి అందనంతవరకు ఇల్లంతా తనదేనని అతని నమ్మకం. అందుకే సమన్లు తెచ్చే కోర్టు బంట్రోతు, అంటే అమీనా, వచ్చినప్పుడల్లా గేటుకి తాళం కనిపించేది. కొన్నాళ్ళకి పాలవాడిని కూడా అనుమానించి పాలు మానేశాడు.

వెనక గది తలుపు చప్పుడైంది. షూటింగువాళ్ళనుకుని తీశాడు. ఎదురుగా ఖాకీ చొక్కా, టోపీ, చేతిలో కాగితాలు.

“సార్, జర మంచినీళ్ళు...”

“నువ్వు అమీనావి కదూ! షూటింగ్ పేరు చెప్పి ఇంట్లో దూరతావా? మా చెల్లెలు పంపిందా?”

“నేను అమీనా కాదు సార్, వేషం! నా పేరు పోచయ్య, యూసుఫ్‌గూడల ఉంట.”

“కోర్టువాళ్ళు ఎప్పుడూ ఇలాగే చెప్తారు.”

“ఏ కోర్టోడు చెప్తడు సార్ గట్ల?”

వరప్రసాద్ అతన్ని గేటు బయటికి నెట్టాడు. పోచయ్య టోపీ నేలకి కొట్టి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

అసిస్టెంట్ డైరెక్టర్ క్రాంతికుమార్ తల పట్టుకున్నాడు. “మీరు తరిమింది మా ఆర్టిస్టునండీ! హీరో తండ్రికి అమీనా సమన్లిచ్చే సీను. ఇంకొకణ్ణి పంపమన్నాను. వాణ్ణయినా ఉండనివ్వండి.”

తప్పు చేశానని వరప్రసాద్ ఒప్పుకోలేదు. డైలాగుల కాగితం లాక్కున్నాడు. తప్పించుకు తిరిగేవాడికి కోర్టు మాటలన్నీ కంఠస్థం.

“ముద్దాయి అంటే అరబ్బీలో దావా వేసినవాడయ్యా. మనవాళ్ళు తెచ్చి దావా పడినవాడికి తగిలించారు. అసలు ముద్దాయి మా చెల్లెలు!”

“ప్రేక్షకులకి అరబ్బీ రాదండీ.”

అప్పుడే గేటు దగ్గరికి ఒక బక్కపల్చని మనిషి వచ్చాడు. పేరు వెంకటనర్సయ్య. అసలు అమీనా. ఇన్నాళ్ళూ ఆ ఇంటి తాళాన్నే చూశాడు, మనిషిని చూడలేదు.

“కోర్టు నుంచి వచ్చిన,” అన్నాడు.

“అదే డైలాగు!” అని క్రాంతికుమార్ పోచయ్య టోపీ అతని నెత్తిన పెట్టి లైట్ల మధ్య నిలబెట్టాడు.  వెంకటనర్సయ్యని ఈ ఇంట్లోకి రమ్మన్నది ఇదే మొదటిసారి.

అతను దిక్కులు చూస్తూ నిలబడటం వరప్రసాద్‌కి నచ్చలేదు. పక్క నుంచి వచ్చాడు.

“అమీనా అంటే అరబ్బీ అమీన్, నమ్మకస్తుడు. అడుక్కునేవాడిలా నిలబడతావేం? ముందు మనిషి ఎవరో తేల్చుకోవాలి. నన్ను అడుగు, నేర్పుతాను.”

“పేరు?”

“వరప్రసాద్.”

వెంకటనర్సయ్య చంకలోని సంచీలోంచి కాగితాలు తీశాడు. “తండ్రి పేరు?”

“వెంకటేశ్వరరావు. ఆఁ, ఇప్పుడు దారికొచ్చావు.”

“గీ ఇంట్లనే ఉంటరా?”

“ఇంకెక్కడుంటాను?”

“అయితే గీడ దస్కత్ పెట్టున్రి.”

కళ్ళజోడు వెనక గదిలో ఉంది. కెమెరా ఎదురుగా ఉంది. వరప్రసాద్ పొడుగ్గా సంతకం గీశాడు. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు అమీనా తన చేతిలో పెట్టిన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. వాది: పుష్పవల్లి.

“ఆ ఎక్స్‌ప్రెషన్! కెమెరా ఆపకండి!” అని డైరెక్టర్ అరిచాడు.

“ఇది నటన! సంతకం చెల్లదు!”

“నటన మీది సార్. కాయితం కోర్టుది,” అన్నాడు వెంకటనర్సయ్య, టోపీ తీసి క్రాంతికుమార్ చేతికిస్తూ. “సాక్షులు గూడ మస్తుగున్నరు.”

సినిమాలో ఆ సీను ఎడిటింగ్‌లో పోయింది. కోర్టు మాత్రం ఉంచుకుంది.